రోజర్ గారి ఫొటోకి దండ

వందల ఏళ్లపాటు యుద్ధాలకీ, ప్లేగుకీ, రాజుల కోపానికీ తట్టుకుని నిలబడ్డ ఒక ఇంగ్లండు దొరల వంశాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో దాదాపు తుడిచిపెట్టేశాను. కత్తి పట్టలేదు, విషం కలపలేదు. అబ్బాసియాలో కొన్న గంధపుచెక్క దండ ఒకటి, కాసిన్ని నువ్వులు, బోలెడంత తెలివి, ఇవే నా ఆయుధాలు. దండ ఎక్కడుందో చివర్లో చెబుతాను. తెలివి మాత్రం ఆ రోజే ఖర్చయిపోయింది.

అప్పటికి నేను కువైట్‌కి కొత్త. పేరు సత్తిబాబు, ఊరు కోనసీమ. సులైబియాలో ఒక గోడౌన్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, అబ్బాసియాలో బ్యాచిలర్ రూములో పై మంచం. శుక్రవారం సెలవు. సెలవు రోజు కడుపునిండా తిని పడుకోక ఇంకో పనికి ఒప్పుకున్నాను. అది రెడ్డెమ్మక్క తెచ్చిన పని.

రెడ్డెమ్మక్కది రాయచోటి వైపు. మిష్రిఫ్‌లో ఒక కువైటీ కుటుంబం విల్లాలో పనిచేసేది. అదే విల్లాకి అంటుకున్న చిన్న వాటాలో ఎడిత్ మేడమ్ అనే ఇంగ్లిషావిడ అద్దెకుండేవారు. బడిలో చరిత్ర చెప్పి మానేసి, ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెప్పుకునేవారు. పెళ్లి లేదు, ఒక్కరే మనిషి. విల్లా పని అయ్యాక రెడ్డెమ్మక్క ఆవిడ ఇల్లు కూడా తుడిచేది.

"ఆయమ్మకు కంప్యూటర్ తెలిసిన పిల్లోడు కావల్లంట. మంచి మనిసి. కాకపోతే..." అని ఆగింది రెడ్డెమ్మక్క.

"కాకపోతే ఏంటక్కా?"

"ఇల్లంతా సచ్చినోళ్లేప్పా."

ఆ మాట ఎంత నిజమో మొదటి శుక్రవారమే తెలిసింది. హాల్లో గోడలు కనబడవు. నేల దగ్గర్నుంచి కప్పు దాకా తెల్లకాగితాలు, వాటి మీద గళ్లు, గళ్లలో పేర్లు, పేర్ల మధ్య గీతలు. ఏసీ గాలికి ఆ కాగితాలన్నీ ఒకేసారి కదిలి, మళ్లీ ఒకేసారి ఆగేవి. గుంపు మనుషులు ఊపిరి పీల్చి వదిలినట్టుండేది. మధ్యాహ్నం పూట కూడా పరదాలు వేసే ఉండేవి, పాత కాగితాలకి ఎండ పడదట. ఆ మసక వెలుతురులో ఎండిన గులాబీల వాసన.

"వీళ్లంతా మా వాళ్లు, డి టార్వెల్ వంశం" అన్నారు మేడమ్. ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషే, నాకు ఎక్కినంతవరకు తెలుగులో చెబుతున్నాను. "నార్మండీ నుంచి సముద్రం దాటి వచ్చి ఇంగ్లండుని గెలిచిన సైన్యంలో మొదటి రోజర్ ఉన్నాడు. అతని కొడుకు హ్యూగో. హ్యూగో కొడుకు రోజర్. రోజర్ కొడుకు..."

"హ్యూగో" అన్నాను నేను.

మేడమ్ కళ్లజోడు తీసి నావైపు చూశారు. "నీకెలా తెలుసు?"

"మా ఊళ్లో కూడా తాత పేరు మనవడికే పెడతాం మేడమ్. టార్వెల్ అనేది ఊరి పేరై ఉండాలి. మా ఇంటిపేర్లూ సగం ఊళ్ల పేర్లే."

నా పతనం అక్కడ మొదలైంది. ఆవిడ మెచ్చుకోలుగా నవ్వారు. నేను దాన్ని పట్టుకుని, ఇంగ్లండు చరిత్ర అంతా మా కోనసీమ చరిత్రేనని తేల్చేసుకున్నాను. ఇక నాకు తెలియనిది లేదు, అడగవలసినది అంతకంటే లేదు.

పని మాత్రం చెడ్డది కాదు. ఆ దొరలు మఠాలకి రాసిచ్చిన దానపత్రాల ఫొటోలు మేడమ్ దగ్గర ఉండేవి. అన్నీ లాటిన్‌లో. ఆవిడ చదివి చెప్పేవారు, నేను కంప్యూటర్‌లో పేర్లు ఎక్కించేవాణ్ణి. ఒకడు నీటిమర ఇచ్చాడు, ఒకడు చేపల చెరువు ఇచ్చాడు. ప్రతి పత్రంలోనూ ఒకే మాట: నా తండ్రి ఆత్మ కోసం, నా తల్లి ఆత్మ కోసం, నా పూర్వుల ఆత్మల కోసం. బదులుగా ఆ మఠంలో సన్యాసులు వాళ్ల పేరున ఎప్పటికీ ప్రార్థన చేస్తుండాలి. ఎవరి తండ్రి ఎవరో తెలిసేది ఆ పత్రాల వల్లే.

"ఇప్పటికీ చేస్తున్నారా మేడమ్?" అని అడిగాను.

"లేదు. తర్వాతెప్పుడో ఒక రాజు మఠాలన్నీ మూయించేశాడు. కొన్ని వందల ఏళ్లుగా వీళ్ల పేరు తలుచుకున్నవాళ్లు లేరు. నేనే."

ఆవిడ మామూలుగానే అన్నారు. కానీ నాకు మాత్రం వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. వందల ఏళ్లుగా ముద్ద లేదు, నీళ్లు లేవు, ఇంతమందీ ఈ గదిలో గోడలకి అంటుకుని ఉన్నారు! ఏసీ గాలికి కాగితాలు మళ్లీ కదిలాయి. అవి కదిలినప్పుడల్లా మాకు ఆకలిగా ఉందని నాతో చెబుతున్నట్టే అనిపించింది.

దానికి తోడు ఆ శుక్రవారమే ఇంకో కథ చెప్పారు. ఆ వంశంలో ఒక రోజర్ యుద్ధానికని జెరూసలేం వైపు వెళ్లాడు. అతను చనిపోయాడని కబురొస్తే, భార్య మాడ్ అతని ఆత్మ కోసం ఒక పొలం మఠానికి రాసిచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత రాసిన ఒక పత్రంలో, సాక్షుల పేర్లలో, మాడ్ భర్త రోజర్ అని స్పష్టంగా ఉంది.

"పోయినోడు సాక్ష్యానికొచ్చాడా మేడమ్?"

"అదే నాకూ అర్థం కాదు. ఏళ్ల తరబడి ఆలోచిస్తున్నాను."

ఆవిడకి అర్థం కానిది నాకు వెంటనే అర్థమైంది. కడుపు కాలి తిరిగొచ్చాడు. పొలం సన్యాసులకి ఇచ్చారు, అతనికేం పెట్టారు?

ఇప్పుడు అసలు మనిషి సంగతికొస్తాను. ఆ గోడల చివర, అన్నిటికంటే కింద రెండే గళ్లు. ఒకదానిలో ఎడిత్, రెండోదానిలో రోజర్. ఆ రెండిటి కింద ఏమీ లేదు. వాటి పక్క గోడ మీద, ఎత్తులో, ఒక్క మనిషి ఫొటో ఫ్రేము కట్టి ఉంది. తెల్లటి మనిషి, పొడుగు ముక్కు, కింది పెదవి కొద్దిగా వంకర. ఫ్రేము చుట్టూ ఎండిపోయిన గులాబీలు. దాని కింద ఒక కుర్చీ.

నేను ఆ కుర్చీలో కూర్చోబోతే మేడమ్ అరిచినంత పని చేశారు. "వద్దు! అది రోజర్ కుర్చీ."

"ఆయన..."

"మా తమ్ముడు. వాడితో మాట్లాడి చాలా ఏళ్లయింది. రోజూ మాట్లాడాలనిపిస్తుంది" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ చెట్టు నాతోనే ఆగిపోతుందేమో సత్తిబాబూ. నా తర్వాత మా వాళ్లంటూ ఎవరూ లేరనుకుంటే భయమేస్తుంది."

చూడండి మరి. ఎత్తుగా గోడకి ఒక్కడి ఫొటో. దానికి పూలు. కింద ఎవరూ కూర్చోకూడని కుర్చీ. మాట్లాడి ఏళ్లయింది. అక్క కన్నీళ్లు. మనవాళ్లలో ఎవరినైనా అడగండి, ఆ ఫొటోలో మనిషి ఉన్నాడంటారా, పోయాడంటారా? ఒంటరి మనిషిని పట్టుకుని మీ తమ్ముడు ఎలా పోయాడండీ అని అడగడం మర్యాద కాదు కదా, అందుకని అడగలేదు. మర్యాద వల్ల ఇంత నష్టం జరుగుతుందని ఎవరూ చెప్పలేదు.

రెడ్డెమ్మక్కని అడిగితే ఆవిడ ఇంకో మేకు కొట్టింది. "ఆ పటం తుడిచేటప్పుడల్లా ఆయమ్మ కండ్లనీళ్లు పెట్టుకుంటాది. పాపం, సిన్న వయసులోనే పోయినట్టుండాడు."

అక్కడితో నిర్ణయం తీసేసుకున్నాను. మేడమ్ నాకు అన్నం పెట్టే మనిషి. ఆవిడ పెద్దలకి నేను అన్నం పెడతాను. చిన్నప్పుడే నాన్న పోవడంతో ఏటా తర్పణాలు వదిలే అలవాటు నాకుంది. అయినా ఇంగ్లిషు దొరలు కాబట్టి ఒక మాట అడుగుదామని మా ఊరి పంతులుగారికి ఫోన్ చేశాను.

"గోత్రం ఏమిటిరా?"

"లేదండి. డి టార్వెల్ అని ఇంటిపేరు ఉందండి."

"గోత్రం తెలీకపోతే కాశ్యప గోత్రం చెప్పుకో. పేర్లు చెప్పు."

"రోజర్, హ్యూగో, రోజర్, హ్యూగో, రోజర్, హ్యూగో..."

"ఒరేయ్, ఫోన్ పాడైనట్టుంది. చెప్పిందే చెబుతోంది."

"లేదండి, ఆళ్లంతా వేరే వేరేనండి!"

"సరే. వచ్చే అమావాస్యకి నువ్వులు, నీళ్లు, ముద్దలు. ఒక్కటే జాగ్రత్త. బతికున్నవాడి పేరు మాత్రం పొరపాటున కూడా కలపకు."

"కలిపితే ఏమవుద్దండీ?"

"నేనెప్పుడూ కలపలేదు, నాకేం తెలుసు? వాడే వచ్చి అడుగుతాడని మా తాతగారు అనేవారు."

ఇద్దరం నవ్వుకున్నాం. పంతులుగారు ఎక్కువ నవ్వారు.

అమావాస్య శుక్రవారమే వచ్చింది. మేడమ్‌కి ప్రతి శుక్రవారం పొద్దున చర్చి, విల్లా డ్రైవరు తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఆవిడ కారెక్కగానే రెడ్డెమ్మక్క పొయ్యి వెలిగించింది. గారెలు, పరమాన్నం. నేను తలస్నానం చేసి, డాబా ఎక్కి, పిట్టగోడ మీద ముద్దలు వరసగా పెట్టి, ఒక్కొక్క పేరూ చదివి నువ్వులూ నీళ్లూ వదిలాను. చివరి ముద్ద మేడమ్ తమ్ముడు రోజర్‌ది. దాన్ని కాస్త పెద్దదిగా పెట్టాను. దగ్గరి చుట్టం కదా.

కాకి కోసం చూశాం. కువైట్‌లో కాకి ఎక్కడుంది? నేను వచ్చిన దగ్గర్నుంచి ఒక్కటీ కనబడలేదు. పావురాలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి. ఒక్కొక్క ముద్దే తిన్నాయి. మొదటి రోజర్ అయిపోయాడు, హ్యూగోలు అయిపోయారు, జెరూసలేం రోజర్ కూడా అయిపోయాడు. చివరి ముద్ద దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. ఒక గోరింక దాని చుట్టూ తిరిగి, నావైపు తల వంచి చూసి, ఎగిరిపోయింది. తక్కినవీ దాని వెనకే పోయాయి.

"ముట్టలేదు సూడు" అంది రెడ్డెమ్మక్క, గొంతు తగ్గించి. "ఏదో కోరిక మిగిలిపోయుండాది అబ్బోడికి."

"అక్కగారిని చూడాలనేమో అక్కా."

అలా అన్నాక ఇద్దరికీ అక్కడ నిలబడాలనిపించలేదు. గబగబా కిందికొచ్చాం. నేను రోజర్ గారి ఫొటోకి ఆ ఎండిపోయిన పూలు తీసేసి, అబ్బాసియా నుంచి తెచ్చిన గంధపుచెక్క దండ వేశాను. నుదుట బొట్టు పెట్టాను. కింద మిణుకు మిణుకుమనే చిన్న కరెంటు దీపం పెట్టాను. మేడమ్ చర్చి నుంచి వచ్చి చూసి ఎంత సంతోషిస్తారో అనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

అప్పుడే వెలుతురు మారింది. పరదా తీసి చూస్తే ఆకాశం లేదు. ఎదురు విల్లా లేదు, రోడ్డు లేదు. అంతా నారింజ రంగు దుమ్ము. పట్టపగలు, కానీ పగల్లా లేదు. తలుపు కింద సందులోంచి దుమ్ము పొగలా లోపలికి వస్తుంటే రెడ్డెమ్మక్క తడి తువ్వాలు కుక్కింది. గాలి హోరుకి ఏసీ చప్పుడు కూడా వినబడలేదు. అయినా గోడ మీద కాగితాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

ఫోన్ మోగింది. మేడమ్ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉందని నాకు అప్పటిదాకా గుర్తే లేదు. ఎత్తాను.

"ఎడిత్ ఉందా?" చాలా లోతు నుంచి వచ్చినట్టుంది గొంతు.

"చర్చికెళ్లారు సర్. మీరెవరు?"

"రోజర్. రోజర్ టార్వెల్."

నా నోట్లోంచి ఏ మాట రావాలో అది రాలేదు. "ఏ రోజర్ సర్?" అన్నాను. గోడ నిండా రోజర్లే మరి.

అవతల చిన్న నవ్వు. "చివరి రోజర్‌ని."

"ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నారు సర్?"

"చాలా దూరం నుంచి వచ్చాను. దారంతా చీకటి. ఇప్పుడే దిగాను. ఇక్కడ భరించలేనంత వేడి, అంతా ఎర్రగా ఉంది, ఏమీ కనిపించడం లేదు. ఎడిత్ పంపినది నాకు అందింది. అందుకే వచ్చాను. ఆమెకు చెప్పకు." ఫోన్ కట్టయింది.

నేను రిసీవర్ పెట్టకుండా అలాగే నిలబడ్డాను. రెడ్డెమ్మక్క నా మొహం చూసింది.

"యెవురు?"

వేలితో ఫొటో చూపించాను. దీపం మిణుకుమంది.

"పిలిస్తివి గదా" అంది రెడ్డెమ్మక్క మెల్లగా. "వచ్చినాడు."

ఆ తర్వాత మేమిద్దరం వంటింట్లో, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న ఖాళీలో, నాకు తెలిసిన దేవుళ్లూ ఆమెకు తెలిసిన దేవుళ్లూ అందరినీ పిలిచాం. ఎంతసేపో తెలియదు. కాలింగ్ బెల్ మోగింది.

"సూసి రా పో" అంది రెడ్డెమ్మక్క.

"నువ్వెళ్లక్కా, నువ్వు పెద్దదానివి."

"ముద్ద పెట్టింది నువ్వా నేనా?"

న్యాయం ఆమెవైపు ఉంది. వెళ్లాను. తలుపుకున్న కంతలోంచి చూశాను. అదే ముక్కు, అదే వంకర పెదవి. జుట్టు, కనుబొమ్మలు, చొక్కా, అన్నీ బూడిద రంగు. ఫొటోలో మనిషి ముసలివాడై బూడిదలోంచి లేచొచ్చి నిలబడ్డాడు. చంకలో పొడుగాటి గొట్టం ఒకటి.

అయినా నేను చదువుకున్నవాణ్ణి కదా, తొందరపడలేదు. దెయ్యమో మనిషో తేల్చడానికి మా ఊళ్లో ఒకటే పరీక్ష. పాదాలు చూడాలి. దెయ్యానికి వెనక్కి తిరిగి ఉంటాయి. బోర్లా పడుకుని, తడి తువ్వాలు లాగి, తలుపు కింద సందులోంచి చూశాను. మడమలు నావైపున్నాయి!

గాలికి మొహాన దుమ్ము కొడుతుంటే ఆ పెద్దాయన అటు తిరిగి నిలబడ్డాడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ క్షణాన మాత్రం నా ప్రాణం అక్కడే నేలకి అంటుకుపోయింది. పడుకునే మాట్లాడాను.

"సర్, మీ కార్యక్రమం పూర్తయింది. ఇక మీరు వెళ్లిపోవచ్చు."

"ఏమిటి పూర్తయింది?"

"మీ పేరు మీద అన్నీ చేసేశాం సర్. గారెలు కూడా. దయచేసి వెళ్లిపోండి."

"ఎడిత్ అలా చెప్పమందా?"

"మేడమ్‌కి ఏమీ తెలియదు సర్. ఆవిడని వదిలేయండి. ఆవిడ ఇప్పటికే చాలా ఏడ్చారు. మీరు తీసుకెళ్తే ఈ చెట్టులో ఇంకెవరూ మిగలరు."

తర్వాత ఆ గొంతు చాలా చిన్నగా అంది. "నిజమే. నేను రాకుండా ఉండాల్సింది. ఇది మాత్రం ఆమెకివ్వు." గొట్టం తలుపుకి ఆనించిన చప్పుడు. మడమలు సందులోంచి మాయమయ్యాయి.

నేను గెలిచాను అనుకున్నాను. దెయ్యాన్ని మాటలతో పంపించినవాడు మా జిల్లాలో లేడు. వంటింట్లోకి వెళ్లి చెబితే రెడ్డెమ్మక్క నా తల మీద చెయ్యి వేసి దిష్టి తీసింది.

కాసేపటికి విల్లా కారు హారన్ వినబడింది. మేడమ్ మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని లోపలికొచ్చారు. ముందు గంధం వాసన చూశారు. తర్వాత ఫొటో చూశారు. దండ, బొట్టు, దీపం. కువైట్‌లో అన్నేళ్లుగా మనవాళ్ల మధ్య ఉన్న మనిషి, ఆ దండకి అర్థమేమిటో ఆవిడకి బాగా తెలుసు. మొహంలో రక్తం లేదు.

"కబురొచ్చిందా?" అన్నారు. "ఎప్పుడు పోయాడు?"

"ఎప్పుడేంటి మేడమ్... ఎప్పుడో పోయారు కదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే... పూలు... కుర్చీ..."

ఆవిడ కూలబడ్డారు. కూలబడటానికి దగ్గర్లో ఉన్నది రోజర్ కుర్చీయే. అది ఫెళ్లుమని విరిగి ఆవిడ నేల మీదికొచ్చారు. ఎప్పుడో చిన్నప్పుడు తమ్ముడు చేసిన కుర్చీ అది, ఒక కాలు ఊడిపోయింది, అందుకే ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. ఆ పూలు ఎండటం కోసం మేకుకి తగిలించిన పూలు. ఇవన్నీ ఆవిడ నేల మీద కూర్చునే, ఏడుస్తూ, వెక్కుతూ చెప్పారు. తండ్రి పోయాక ఇల్లు అమ్మే దగ్గర అక్కా తమ్ముడూ మాట అనుకున్నారట. అంతే, మాటల్లేవు. ఈమధ్యే ధైర్యం చేసి వంశవృక్షం కాపీ ఒకటి పాత చిరునామాకి పంపారు. జవాబు రాలేదు.

"జవాబు ఇలా వచ్చిందన్నమాట" అని మొహం చేతుల్లో దాచుకున్నారు.

సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"మేడమ్, ఆయన పోలేదేమో మేడమ్."

"ఎందుకలా అంటావు?"

"ఇందాక వచ్చారు మేడమ్."

చేతులు దిగాయి. "ఎక్కడికి?"

"ఇక్కడికే. తలుపు దగ్గరికి. నేనే... పంపించేశాను."

ఎడిత్ మేడమ్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఆ రోజు అన్న మాట నేను రాయలేను. నార్మండీ నుంచి గుర్రం మీద వచ్చిన మొదటి రోజర్ గొంతు అలాగే ఉండేదనుకుంటాను.

బయటికి పరిగెత్తాను. కళ్లు తెరిస్తే ఇసుక, నోరు తెరిస్తే ఇసుక. "రోజర్ సర్! రోజర్ సర్!" అని అరుస్తూ మిష్రిఫ్ వీధుల్లో పడ్డాను. ఇందాక పొమ్మన్నవాణ్ణే ఇప్పుడు రమ్మని పిలుస్తున్నాను. ఎర్రటి ఆ దుమ్ములో నా గొంతు నాకే ఎవరిదో లాగా వినబడింది. దూరంగా తెల్లటి ఆకారం ఒకటి కదిలింది. పరిగెత్తి భుజం పట్టుకున్నాను. మసీదు నుంచి వస్తున్న కువైటీ పెద్దాయన, దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీలో. "సర్, మీరు బతికే ఉన్నారా?" అని అడిగేశాను. ఆయన చెయ్యి విదిలించుకుని దుమ్ములో కలిసిపోయాడు. ఇంకో ఆకారం దగ్గరికెళితే అది గుడ్డ కప్పిన వాటర్ కూలరు. ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోయి ఉంటాడు. విమానం ఎక్కేస్తాడు. మేడమ్‌కి ఉన్న ఒక్క మనిషినీ నేనే వెళ్లగొట్టాను. ఏడుపొచ్చింది. ఆ దుమ్ములో కన్నీళ్లు కూడా బురదగానే కారాయి.

"సత్తిబాబూ! యాడుండావ్రా!" రెడ్డెమ్మక్క కేక. "ఇట్ల రా! మీ దెయ్యం దివానియాలో కూకోని గహ్వా తాగుతాండాది!"

విల్లా ముందు గది, మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే దివానియా, దాని తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ట్యాక్సీ దొరక్క గేటు దగ్గర తడబడుతున్న ముసలాయన్ని విల్లా యజమాని లోపలికి లాగి, కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టాడు. ఆయన ఎవరని కూడా అడగలేదు. ఆ ఇంటికి వచ్చిన మనిషిని ఆయన మనిషిలా చూశాడు, నేను పాదాలు చూశాను.

మేడమ్ అప్పటికే గుమ్మంలో ఉన్నారు. రోజర్ గారు కప్పు కింద పెట్టి లేచారు.

"నా కార్యక్రమం పూర్తయిందన్నాడు ఆ కుర్రాడు. వెళ్లిపొమ్మన్నాడు" అన్నాడాయన, చిన్నపిల్లాడు అక్కకి చాడీ చెప్పినట్టు.

ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. విల్లా యజమాని ఏమీ అర్థం కాక ఇంకో కప్పు కాఫీ పోశాడు. ఆ గొట్టంలో ఉన్నది మేడమ్ పంపిన వంశవృక్షమే. చివరి రెండు గళ్ల కింద కొత్త గీత గీసి ఉంది, దాని కింద రోజర్ గారి కూతురు, ఆమె కొడుకు. వాడి పేరు హ్యూగో. అది చూసి మేడమ్ మళ్లీ ఏడ్చారు, ఈసారి నవ్వుతూ.

మా కష్టం ఇంకా అయిపోలేదు. రోజర్ గారు హాల్లోకి రాగానే సరాసరి వెళ్లి తన ఫొటో ముందు ఆగారు.

"ఇదేమిటి?"

మేడమ్ నావైపు చూశారు. నేను నేల చూశాను.

"మా దేశంలో సర్... మేం ఎంతో గౌరవించేవాళ్ల ఫొటోకే అలా చేస్తాం సర్."

"అవును, అంతకు మించిన గౌరవం వాళ్లలో లేదు" అన్నారు మేడమ్. మొహంలో చిరునవ్వు కూడా లేదు. నన్ను కాపాడారనుకున్నాను. కాపాడటం కాదు, ఆ మాటని నామీదే వాడటానికి దాచిపెట్టుకోవడమని తర్వాత తెలిసింది.

రోజర్ గారు చాలా కదిలిపోయారు. తన పేరున చేసిన గారెలు తనే వరసగా తినేశారు. రెడ్డెమ్మక్క పక్కన ఎర్రకారం వేస్తే అదీ తిన్నారు. ముక్కూ కళ్లూ కారుతుంటే తన అక్క చెయ్యి పట్టుకున్నారు.

"ఆ పెద్ద ముద్దలో గూడా కారం పెట్నాలే" అంది రెడ్డెమ్మక్క నాతో రహస్యంగా. "మగమనిసికి సప్పిడి తిండి యేం పెడతావని. అందుకే పిట్టలు ముట్టలేదేమో."

అమ్మయ్య అనుకున్నాను. చాలాకాలం ఆ మాటతోనే ధైర్యంగా ఉన్నాను. ఆ మధ్య ఎక్కడో చదివాను, పక్షులకి మిరపకారం తెలియనే తెలియదట. మరి ఆ గోరింకకి రోజర్ గారు బతికున్నారని ఎవరు చెప్పారు? మీకు తెలిస్తే నాకు చెప్పకండి.

అన్నిటికంటే తృప్తి మేడమ్‌కి. జెరూసలేం రోజర్ సమస్య తీరిపోయింది. "పోయాడనుకున్నవాడు తిరిగొచ్చి సాక్షిగా ఎలా నిలిచాడో ఇప్పుడర్థమైంది" అన్నారు. "కబురు తప్పయి ఉంటుంది, ప్రార్థన ముందే చేసేసి ఉంటారు. ఆ కోట గుమ్మంలో కూడా ఒక సత్తిబాబు ఉండి ఉంటాడు."

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇవాళ్టికి హాయిగా ఉండేవాణ్ణి. రోజర్ గారు వెళ్లేటప్పుడు ఆ గంధపు దండ కావాలని అడిగి పట్టుకెళ్లారు. కొన్నాళ్లకి మేడమ్ నా ఫొటో ఒకటి అడిగారు, ఇచ్చాను. ఎందుకని అడగలేదు. అడగకపోవడం నా జబ్బు.

ఒక శుక్రవారం పొద్దున, అబ్బాసియా రూములో కిటికీ పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటుంటే ఫోన్‌కి బొమ్మ వచ్చింది. ఇంగ్లండులో రోజర్ గారి హాలు. గోడ నిండా వంశవృక్షం. దాని పక్కన, ఎత్తులో, ఫ్రేము కట్టిన నా ఫొటో. మెడలో ఆ గంధపుచెక్క దండ. నుదుట ఎర్రటి బొట్టు. కింద మిణుకుమనే దీపం. దాని కింద రోజర్ గారూ, కూతురూ, చిన్న హ్యూగో చేతులు జోడించి నిలబడ్డారు. 'మా కుటుంబం నీకు ఇస్తున్న గౌరవం' అని రాశారు. 'ప్రతి శుక్రవారం నీ పేరు తలుచుకుని ఒక పళ్లెంలో అన్నం పెడుతున్నాం.'

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టుకుని చూసుకున్నాను. ఊపిరి ఆడుతోంది. రెండో చేత్తో నాడి పట్టుకున్నాను. కొట్టుకుంటోంది, అవసరానికి మించి.

అప్పుడు కిటికీ మీద చిన్న చప్పుడైంది.

కువైట్‌లో ఎంత వెతికినా దొరకని కాకి. అద్దానికి అవతల కూర్చుని, తల వంచి, నా పళ్లెం వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తోంది.

అందుచేత మాన్య పాఠకులారా, మా కోనసీమ గోదారి సాక్షిగా, కాశ్యప గోత్రం సాక్షిగా, సమస్త రోజర్ల హ్యూగోల సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, గోడ మీదున్న మనిషి పోయాడని ఆ మనిషే నా ఎదుట నిలబడి చెబితే తప్ప, ఏ ఫొటోకీ దండ వేయను. ఆ ముద్ద మాత్రం నేనే తినేశాను, కాకి చూస్తుండగానే.